తొండకి కొన్న ఉద్యోగి

"ఓల్డ్ యెల్లర్" సినిమా చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళంటే నాకు జాలి. అమెరికాలో వాళ్ళు తక్కువమందేమీ కాదు. 1957 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, వాల్ట్ డిస్నీ సంస్థ ఈ సినిమాని విడుదల చేసింది. పిల్లాజెల్లా పండగ బట్టలు వేసుకుని థియేటర్లకి వెళ్ళారు. గంటన్నర లోపు వాళ్ళకి ఒక కుక్కని పరిచయం చేసి, అలవాటు చేసి, ప్రాణం కంటే ఎక్కువ చేసి, చివర్లో దాన్ని ఆ ఇంటి కుర్రాడి చేతే కాల్పించి ఇళ్ళకి పంపించారు. ఆ రోజు మొదలైన ఏడుపు ఇంకా ఆగలేదు. "ఫ్రెండ్స్" సీరియల్లో 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఫీబీకి ఈ సినిమా ముగింపే తెలియదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఏడుపు ఘట్టం రాకముందే టీవీ కట్టేసేదట. పెద్దయ్యాక ముగింపు చూసి పాపం ఆ అమ్మాయికి లోకం మీదే నమ్మకం పోతుంది.

వీళ్ళందరి పొరపాటూ ఒకటే. దీన్ని కుక్క సినిమా అనుకున్నారు. నేను మాత్రం మొదటి నుంచీ దీన్ని యాజమాన్య శాస్త్రానికి సంబంధించిన శిక్షణ చిత్రంగానే చూస్తున్నాను. జీతం, బత్తెం, సెలవులు, పీఎఫ్ అనే అనవసర ఖర్చులేవీ లేకుండా ఒక సంస్థని ఎలా నడపాలో ఇంత స్పష్టంగా చూపించిన సినిమా ఇంకొకటి లేదు. మన దగ్గర లక్షలు పోసి మేనేజర్లని రిసార్టులకి తీసుకెళ్ళి పాఠాలు చెప్పిస్తున్నారు. ఆ డబ్బుతో ఈ సినిమా వేసి, తలా ఒక సమోసా పెడితే సరిపోతుంది.

కౌబాయ్ సినిమా అనగానే మనకి టోపీ, గుర్రం, కృష్ణ గారు గుర్తొస్తారు. ఇందులో అవేవీ ఆశించకండి. షెరీఫ్ లేడు, బందిపోట్లు లేరు, నడివీధిలో తుపాకులు దూసే పోటీ లేదు. మనిషి మనిషిని కాల్చని వెస్టర్న్ ఇది. తూటాలన్నీ జంతువులకే దక్కాయి.

కథ 1860ల చివర్లో టెక్సస్‌లో జరుగుతుంది. సినిమాకి మూలమైన నవల రాసిన ఫ్రెడ్ గిప్సన్‌ది ఆ రాష్ట్రంలోనే మేసన్ అనే చిన్న ఊరు. ఆస్టిన్‌లో ఉండే మనవాళ్ళకి కారులో సుమారు రెండు గంటల దారి. అంతర్యుద్ధం 1865లో ముగిసింది, దక్షిణాది ప్రభుత్వం అచ్చేసిన నోట్లు చిత్తు కాగితాలయ్యాయి. టెక్సస్‌లో భూమి ఉంది, పశువులు లెక్కకు మించి ఉన్నాయి, చేతిలో పైసా మాత్రం లేదు. అక్కడ నాలుగు డాలర్లు కూడా పలకని ఎద్దు ఉత్తరాదిన నలభై దాకా పలుకుతుంది. 1867లో కాన్సస్‌లోని అబిలీన్‌లో రైలు పక్కనే పశువుల సంత పెట్టారు. దాంతో మగాళ్ళంతా మందల్ని తోలుకుంటూ నెలల తరబడి ఉత్తరం దారి పట్టారు.

మన సంస్థ అధినేత జిమ్ కోట్స్ కూడా అలాగే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బాధ్యతలు అప్పగించిన తీరు చూడండి. పొలం, పశువులు, పందులు, నీళ్ళు, కట్టెలు, తల్లి, తమ్ముడు అంతా పెద్దకొడుకు ట్రావిస్‌కి. వాడికి ఇంకా మీసం కూడా రాలేదు. ఆ కుర్రాడు వినయంగా ఒక గుర్రం అడిగాడు. "గుర్రం కంటే నీకు ముందు మంచి కుక్క కావాలి" అని అధినేత సెలవిచ్చాడు. అలాగని కుక్కని ఇచ్చాడా అంటే, లేదు. అవసరాన్ని గుర్తించడం వరకే పై అధికారి పని. సమకూర్చుకోవడం కింది సిబ్బంది చూసుకోవాలి.

ఈ పాత్ర వేసినది ఫెస్ పార్కర్. అప్పటికి డేవీ క్రాకెట్ అనే అడవి వీరుడి వేషంతో అమెరికా పిల్లలందరి నెత్తినా తోకటోపీ పెట్టించిన స్టారు. తల్లిగా వేసిన డొరొతీ మెగ్వైర్‌తో పాటు టైటిల్స్‌లో ముందు వరసలో ఉన్న పేరు అతనిదే. సినిమాలో మొదట కాసేపు కనిపిస్తాడు, చివర్లో కాసేపు కనిపిస్తాడు. మధ్యలో పనంతా ఎవరు చేశారో టైటిల్స్ చూసి కనుక్కోవడం కష్టం. ఆఫీసుల్లో ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీ చూసినవాళ్ళు ఇందులో వింతేమీ లేదంటారు.

కుక్క తనంతట తనే వచ్చింది. ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు. మొదటి రోజే కుందేలుని తరుముతూ కంచరగాడిదని బెదరగొట్టి, కంచె విరగ్గొట్టించింది. వేలాడదీసిన మాంసం తినేసింది. ట్రావిస్ కాల్చిపారేద్దామన్నాడు. తమ్ముడు ఆర్లిస్ దాన్ని వాటేసుకుని అరిచి గీపెట్టాడు. తల్లి ఆలోచించి, పిల్లాడికి తోడుగా ఉంటుందిలే అని ఉంచేసింది. ఉద్యోగం అలా ఖాయమైంది. అభ్యర్థి దొంగతనం చేస్తూ దొరికినా, యజమాని కొడుకుతో సత్సంబంధాలుంటే నియామకానికి అడ్డేముంటుంది?

తర్వాత ప్రొబేషన్. ట్రావిస్ జింక మాంసాన్ని కావాలనే కుక్కకి అందేంత కిందికి వేలాడదీశాడు. ముట్టుకుందా, మర్నాడు పొద్దున్నే కాల్చేయొచ్చు. కుక్క ముట్టుకోలేదు. ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి పరిచి, తినకుండా ఉంటే నిజాయితీపరుడని సర్టిఫికెట్ ఇచ్చే ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. పరీక్ష పెట్టినవాడికి మాత్రం ఆ రాత్రి భోజనం మామూలుగానే జరిగింది.

ఉద్యోగం ఖాయమయ్యాక అప్పగించిన పనుల పట్టిక పెద్దదే. పగలు పిల్లాణ్ణి చూసుకోవాలి. రాత్రి మొక్కజొన్న చేలో రకూన్లని తరమాలి. ఆర్లిస్ అనే ఆ చిన్నవాడు ఎలుగుబంటి పిల్ల కాలు పట్టుకుని వదలనంటే, దూసుకొచ్చిన తల్లి ఎలుగుకి అడ్డంగా నిలబడాలి. మాట వినని ఆవుని దారికి తేవాలి. ఇన్ని చేసినా ఇంట్లో ఎవరూ "ఓవర్‌టైమ్" అనే మాట ఎత్తలేదు, కుక్క కూడా ఎత్తలేదు. ఇదే దీని గొప్పతనమని విమర్శకులంటారు. నేనూ అదే అంటాను, కాకపోతే నేను యాజమాన్యం వైపు నుంచి అంటాను.

ఇక పందుల వ్యవహారం. ఆ రోజుల్లో అక్కడ పందుల్ని అడవిలోకి వదిలేసేవారు. పిల్లలు పుట్టాక పట్టుకుని చెవులు కోసి గుర్తు పెడితేనే అవి ఎవరివో తెలిసేది. దీనికి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, కుక్క పందుల గుంపుని చెట్టు కిందికి తోలుకొస్తుంది, కుర్రాడు కొమ్మ మీద కూర్చుని ఉచ్చుతాడు విసిరి ఒక్కో పిల్లనీ పైకి లాగి గుర్తు పెట్టి వదిలేస్తాడు. కార్మిక భద్రత గురించి చెప్పాలంటే, కొమ్మ ఉంది, తాడు ఉంది, కింద కోరలున్న పందులున్నాయి. అంతే. అనుకున్నట్టే కుర్రాడు కింద పడ్డాడు. కాలు చీరుకుపోయింది. కుక్క మధ్యలోకి దూకి పందుల్ని ఆపింది, అది కుర్రాడికంటే ఘోరంగా చీరుకుపోయింది. వైద్య సదుపాయం కింద తల్లి కంచరగాడిద తోక వెంట్రుకలు పీకి, వాటితో కుక్క గాయాలు కుట్టింది. ఈ ఖర్చు కూడా చివరికి మరో జంతువు ఖాతాలోనే పడిందని గమనించాలి.

ఈ మధ్యలో కుక్క అసలు యజమాని వచ్చాడు. బర్న్ శాండర్సన్ అనే కౌబాయ్. నా కుక్క తప్పిపోయింది, వెతుక్కుంటున్నాను అన్నాడు. తల్లి న్యాయంగా కుక్కని అప్పగించింది. ఆర్లిస్ రాళ్ళు విసిరాడు. శాండర్సన్ మంచివాడు, మనసు కరిగింది, బేరానికి కూర్చున్నాడు. కుక్క ధర ఎంతకి తెగిందో చెబితే నమ్మరు: పిల్లాడి జేబులో ఉన్న ఒక కొమ్ముల తొండ, తల్లి చేత్తో వండిన ఒక పూట భోజనం. ఎలుగుబంటిని ఎదిరించిన ప్రాణికి ఇదీ మార్కెట్ రేటు. ఆ తొండ మాత్రం సామాన్యమైంది కాదు, శత్రువు మీదకి కళ్ళలోంచి రక్తం చిమ్ముతుంది, ఇప్పుడది టెక్సస్ రాష్ట్రపు అధికారిక సరీసృపం. యెల్లర్‌కి అలాంటి హోదా ఏమీ దక్కలేదు. కాబట్టి ఆ బేరంలో శాండర్సనే లాభపడ్డాడని నా లెక్క. వెళ్తూ వెళ్తూ అతను ట్రావిస్‌ని పక్కకి పిలిచి, చుట్టుపక్కల జంతువులకి పిచ్చి పడుతోంది, జాగ్రత్త, అని చెప్పి వెళ్ళాడు. సినిమా మొత్తంలో మగాడన్నవాడు చేసిన పనికొచ్చే పని ఈ ఒక్కటే. అది చేసినవాడు పరాయివాడు.

ఊళ్ళో ఇంకో మగాడు లేడని కాదు. బడ్ సర్సీ అనే పెద్దమనిషి ఉన్నాడు. మగాళ్ళంతా కాన్సస్ వెళ్తే, ఆడవాళ్ళనీ పిల్లలనీ కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఆయన నెత్తిన వేసుకున్నాడు. సరిగ్గా భోజనం వేళకి దిగుతాడు. కూర్చుంటాడు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చిందో వివరంగా చెబుతాడు. తింటాడు. ఏదైనా పని పడితే కూతురు లిస్బెత్‌ని అక్కడ వదిలి వెళ్తాడు, ఆ పిల్ల చేస్తుంది. పర్యవేక్షక పదవి అంటే ఇది. ప్రతి సంస్థలోనూ ఈయన ఉంటాడు. మన ప్రభుత్వాఫీసుల్లో అయితే ఫ్లోరుకొకడు ఉంటాడు, క్యాంటీన్ ఏ అంతస్తులో ఉందో అడగాలంటే ఆయన్నే అడగాలి.

కుక్క నడవడిక మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. అది ఊరంతా తిరిగి గూళ్ళలో గుడ్లు, దొరికిన తిండి దొంగిలిస్తోంది. సంగతి లిస్బెత్‌కి తెలుసు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే వాళ్ళ కుక్క కడుపుతో ఉంది, తండ్రి ఈ దొంగే. కుక్కని తెచ్చి బంగారు గద్దె మీద కూర్చోబెట్టినా పాత బుద్ధి పోదని మన శతకకారుడు ఎప్పుడో తేల్చేశాడు. కానీ ఇక్కడ గద్దె లేదు సరికదా, రోజూ కడుపు నిండా తిండి పెట్టారన్న ఆధారమూ సినిమాలో నాకు కనబడలేదు. సొంత ఇంట్లో మాంసం ముట్టకుండా నిజాయితీ చూపించి, పక్కింట్లో కడుపు నింపుకోవడాన్ని దొంగతనమనాలో, జీతం రాబట్టుకోవడమనాలో లేబర్ కోర్టులే తేల్చాలి.

అసలు ఘట్టానికి వద్దాం. ముందు రోజ్ అనే పాడి ఆవుకి పిచ్చి సోకింది. ట్రావిస్ దాన్ని కాల్చాడు. కళేబరాన్ని అలా వదిలేస్తే జబ్బు వ్యాపిస్తుందని తల్లీ, లిస్బెత్ రాత్రి దాన్ని తగలబెడుతుంటే పిచ్చి తోడేలు మీదికొచ్చింది. కుక్క తోడేలుతో కలబడింది. ట్రావిస్ తోడేలుని కాల్చాడు. కుక్కకి కాట్లు పడ్డాయి. పూర్తి ఆరోగ్యంగా ఉన్న తోడేలు మంట దగ్గరికి రాదు, వచ్చిందంటే పిచ్చిదే, అని తల్లి చెప్పిన మాట ఈ సినిమాలో అన్నిటికంటే భయపెట్టేది. గర్జనలు లేవు, నేపథ్య సంగీతం సాయం అక్కర్లేదు, ఇల్లు చూసుకునే ఆడమనిషి అనుభవంతో చెప్పిన మాట.

గిప్సన్ నవలలో ట్రావిస్ ఆ రాత్రే కుక్కని కాల్చేస్తాడు. సినిమావాళ్ళు దాన్ని మార్చారు. కుక్కని మొక్కజొన్న కొట్లో బంధించి, పిచ్చి బయటపడుతుందేమో చూద్దామని ఎదురుచూస్తారు. స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళలో గిప్సన్ కూడా ఉన్నాడు కాబట్టి ఈ పాపంలో ఆయనకీ వాటా ఉంది. నవలలో ఒక్క దెబ్బతో పోయే బాధని సినిమాలో వారాల తరబడి సాగదీశారు, అంటే నోటీస్ పీరియడ్ కలిపారన్నమాట. తిండి పెట్టడానికి రోజూ తలుపు దగ్గరికెళ్ళిన కుర్రాడికి ఒక రోజు లోపల నుంచి తోక ఆడించే కుక్కకి బదులు గుర్రుమనేది ఎదురైంది. చిన్నవాడు ఆ తలుపు తీయబోతాడు కూడా. ఆ క్షణంలో, నా సిద్ధాంతానికి ఇబ్బందే అయినా, యాజమాన్య శాస్త్రం పుస్తకం నా చేతిలోంచి జారిపోయిన మాట నిజం. వెంటనే తీసుకున్నాను.

రేబిస్‌కి మందు లేదా అని అడగొచ్చు. అప్పటికి లేదు. పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికి మొదటిసారి టీకా వేసింది 1885లో. కథాకాలానికి అది ఇంకా పదిహేనేళ్ళకు పైగా దూరం. కాటు పడిన దగ్గర్నుంచి జబ్బు బయటపడేదాకా వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ఆ మధ్యలో వేస్తే టీకా పని చేస్తుంది. లక్షణాలు మొదలయ్యాక ఇప్పటికీ దాదాపు ఎవరూ బతకరు. మన ప్రభుత్వాసుపత్రుల్లో బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడిపించుకున్న తరం ఇంకా ఉంది. వాళ్ళని అడిగితే ఈ సినిమాలో ఏడవాల్సిన చోటు వేరేదని చెబుతారు. ఇప్పుడు సూదులు చేతికే వేస్తున్నారు, అవి కూడా తక్కువే. కానీ కుక్క కరిచిన వెంటనే సబ్బు పెట్టి పావుగంట కడగమంటే పసుపూ కారమూ వెతికేవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నారు.

తుపాకి ఎవరు పట్టుకున్నారన్నది ముఖ్యం. తల్లి ముందుకొచ్చింది. కుర్రాడు, "అది నా కుక్క, నేనే చేస్తాను" అన్నాడు. తొండ ఇచ్చి కొన్నది తమ్ముడు, కాల్చాల్సి వచ్చేసరికి కుక్క అన్నదైంది. మన పురాణాల్లో అయితే ధర్మరాజు, కుక్కని వదిలేసి రమ్మంటే స్వర్గానికే రానన్నాడు. ఇంద్రుడి రథం వాకిట్లో ఆపి మరీ వాదించాడు. ఇలాంటి సెంటిమెంటు మనుషుల వల్ల సంస్థలు బాగుపడవు. కోట్స్ కుటుంబాన్ని చూడండి. పెద్దాయన ఊళ్ళో లేడు, పర్యవేక్షకుడు భోజనానికి వెళ్ళాడు, తొలగింపు ఉత్తర్వు అమలుచేసే పని అందరిలోకీ జూనియర్‌కి పడింది.

కుక్కని పాతిపెట్టాక అధినేత దిగాడు. కచ్చితంగా అప్పుడే. చేతిలో డాలర్లు, భార్యకి కొత్త గౌను, చిన్నవాడికి ఈకల తలపాగా, పెద్దవాడికి గుర్రం. గల్ఫ్ నుంచి తాళ్ళు కట్టిన అట్టపెట్టెతో దిగిన నాన్నని చూసి పెరిగినవాళ్ళకి ఈ సీను వేరే చెప్పక్కర్లేదు, అందులో వెక్కిరించడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. అంత దూరం వెళ్తే గానీ నాలుగు డబ్బులు కనబడవు. నాకు నచ్చింది ఆ తర్వాత ఆయన చేసిన ప్రసంగం. జీవితం ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా మనిషిని పడగొడుతుందనీ, ఆ ఒక్క దెబ్బనే తలుచుకుంటూ మిగతా మంచినంతా పాడుచేసుకోకూడదనీ కొడుక్కి బోధిస్తాడు. మాటలు బంగారం. ఎలుగుబంటి వచ్చినప్పుడు, పందులు చీల్చినప్పుడు, ఆవు పడిపోయినప్పుడు, తోడేలు దూకినప్పుడు అక్కడ లేని మనిషి నోటి నుంచి రావడం వల్ల వాటికి ఇంకాస్త నిగ్రహం వచ్చింది. అక్కడే ఉండి అన్నీ చూసిన తల్లికి ప్రసంగం చేసే తీరిక ఎక్కడిది, పొయ్యి మీద వంట ఉంది.

చివరిది ఖాళీ భర్తీ. లిస్బెత్ వాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది, అందులో ఒకటి ట్రావిస్‌కి. మొదట వద్దన్నాడు. తర్వాత ఆ పిల్ల మాంసం ముక్క దొంగిలిస్తూ పట్టుబడింది. అచ్చం తండ్రి! వెంటనే ఉద్యోగం ఇచ్చేశాడు. సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి కారుణ్య నియామకం కోసం మన దగ్గర ఎన్నేళ్ళు ఫైలు పట్టుకుని తిరగాలో అనుభవించినవాళ్ళకి ఈ వేగం చూసి అసూయ కలగకపోదు. దొంగతనాన్నే విద్యార్హతగా గుర్తించడం కూడా విప్లవాత్మకమైన సంస్కరణే.

తెర వెనక సంగతీ ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు. యెల్లర్‌గా వేసిన కుక్క పేరు స్పైక్. జంతువుల ఆశ్రయంలో మూడు డాలర్లకి దొరికిందని చెబుతారు. తెచ్చి తర్ఫీదిచ్చినవాడు ఫ్రాంక్ వెదర్‌వాక్స్, సినిమాల్లో పేరుమోసిన లాసీ కుక్కని తయారుచేసిన రడ్ వెదర్‌వాక్స్‌కి స్వయానా సోదరుడు. మూడు డాలర్ల ఆ నటుడు మోసిన సినిమాని 2019లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. మేసన్ ఊళ్ళో లైబ్రరీ ముందు ఒక కుర్రాడిదీ కుక్కదీ విగ్రహం పెట్టారు. తండ్రి విగ్రహం లేదు, ఆ మేరకు శిల్పి తన పరిశీలన చూపించాడు.

1963లో డిస్నీ వారసుణ్ణి కూడా లాంచ్ చేసింది. "సావేజ్ శామ్" అని, యెల్లర్ కొడుకు కథానాయకుడు. ఆ పద్ధతి గురించి తెలుగువాళ్ళకి ఎవరూ క్లాసు తీసుకోనక్కర్లేదు. ఫెస్ పార్కర్ ఇందులో లేడు, డొరొతీ మెగ్వైర్ కూడా లేదు. అమ్మానాన్నలు లేకుండానే పిల్లలు మళ్ళీ కుక్క పాలబడ్డారు. ట్రావిస్, ఆర్లిస్ వేషాలు పాత నటులే వేశారు, లిస్బెత్‌గా వేరే అమ్మాయి వచ్చింది. పదవి చెక్కుచెదరని పెద్దవాడు ఒక్కడే, బడ్ సర్సీ. ఆరేళ్ళ తర్వాత కూడా అదే నటుడు జెఫ్ యార్క్, అదే హోదా.